వద్దన్నారు

దీవెన కొట్లో గోడకున్న నెట్టు డబ్బా మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. బర్నబాస్‌కి కొరుకుడుపడనిది అదే. తీగ తెగితే ఎర్ర లైటు రావాలి. ముందు టీవీ కేబుళ్ళు, తర్వాత ఈ గాజు తీగలు, ఇరవై రెండేళ్ళుగా రేపల్లెలో స్తంభాలెక్కి దిగుతున్నవాడు; లైటు చూస్తే చాలు, జబ్బేంటో చెప్పేస్తాడు. ఇక్కడేమో డబ్బా పచ్చగానే ఉంది, కంప్యూటర్లో మాత్రం గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది, ఏదీ తెరుచుకోదు.

"నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి ఇంతే బాబాయ్," అంది దీవెన. "ఇవాళ మంగళవారం. శనివారంతో ఆఖరు. ఎంతమందున్నారో చూడు."

దీవెనది స్టేషను రోడ్డులో ఆన్‌లైన్ కొట్టు. కొట్టంటే ఎంతని, ఒక టేబులు, రెండు కుర్చీలు, గోడవారన ఒక బెంచీ, ఒక వేలిముద్రల మిషను. నెలాఖరులోగా పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని వేలు పెట్టి చెప్పుకోవాలి, లేకపోతే పింఛను ఆగిపోతుంది. ఆ మిషను ఈ లైను మీదే నమోదైంది, ఫోను నెట్టు మీద పెడితే ఒప్పుకోదు. ముసలివాళ్ళు ఈమె దగ్గరికే ఎందుకొస్తారంటే, అరిగిపోయిన వేళ్ళని తడిగుడ్డతో తుడిచి, తన అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి, విసుక్కోకుండా ఆరేడుసార్లయినా పెట్టిస్తుంది. అందుకని.

బెంచీ చివర కూర్చున్న ఏసమ్మ, బళ్ళో ఆయాగా చేసి దిగిన మనిషి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బర్నబాస్‌నే చూస్తోంది.

"ఏరా బర్నబాసూ, నా పేణం నీ తీగలో ఇరుక్కుందంటగా?"

"ఇరుక్కోలేదు పెద్దమ్మా, దారిలో ఉంది."

"దారిలో ఉంటే తొరగా రమ్మను. నలభై ఏళ్ళు బడి కడిగిన చేతులు. ఉన్న నాలుగు గీతలూ శనివారం దాకా ఉంటాయో లేదో."

బెంచీ మీద అందరూ నవ్వారు. బర్నబాస్ కూడా నవ్వుతూనే తీగ కొస ఊడదీసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, మీటరుకి తగిలించాడు. మైనస్ పంతొమ్మిది. పాతిక దాకా పర్వాలేదు. వెలుతురు బాపట్ల పెద్దాఫీసు నుంచి తెనాలి మీదుగా ఇక్కడి దాకా శుభ్రంగా వస్తోంది. అతను తెనాలి ఆఫీసుకి ఫోన్ చేశాడు. కంప్లైంట్ల టేబులు దగ్గర ఉండేది నీరజ.

"లైన్ కట్ అంట బాబాయ్, మీ వైపు."

"లైటుందమ్మా. మీటరు పెట్టి చూశా."

"ఏమో బాబాయ్. బాపట్ల నుంచి లైన్ కట్ అనే చెప్పారు." ఎప్పుడూ ఇంటి సంగతులు కూడా అడిగే పిల్ల అంతటితో ఫోను పెట్టేసింది.

సరే, పెద్దాఫీసువాళ్ళు తెగిందంటున్నారు, తన కంటికి ఆనడం లేదేమో. బర్నబాస్ నిచ్చెన వేసి స్తంభమెక్కాడు. పెట్టె తెరిచి, పాత తీగ తీసేసి, స్తంభం నుంచి కొట్టు దాకా కొత్త తీగ లాగాడు. గాజు తీగ కదా, వెంట్రుకంత ఉంటుంది; పై తొక్క ఒలిచి, తుడిచి, కొస తెగ్గోసి, ఊపిరి బిగబట్టి కొత్త ముక్కకి అతకాలి. రెండు గంటలు పట్టింది. అదే స్తంభం మీద అదే పెట్టెలోంచి ఎదుటి కొట్టుక్కూడా తీగ వెళ్తుంది. అద్దాల తలుపులు, చల్లటి గాలి, నాలుగు కంప్యూటర్లు. తెరిచి పది రోజులైంది. కంపెనీ మేనేజరు పాండురంగారావు బావమరిది జయకృష్ణది. ఆ తీగ లాగింది కూడా బర్నబాసే. అక్కడ నెట్టు జోరుగా నడుస్తోంది.

దిగి వచ్చి చూస్తే, కొత్త తీగతో కూడా పచ్చ లైటు. కొత్త తీగతో కూడా గుండ్రం.

మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చోగానే బాపట్ల నుంచి పాండురంగారావే ఫోన్ చేశాడు. "చూడు బర్నబాస్. ఆ రేపల్లె వైపు ఎప్పుడూ నీ గోలే. శనివారం పొద్దున రిజిస్టరు పట్టుకుని ఇక్కడికి రా. ఈలోగా తెగిన చోటు దొరికిందా, సరే. దొరకలేదా, మీటరూ నిచ్చెనా అప్పజెప్పేసి ఇంటికెళ్ళు."

ఫోను పెట్టేసి బర్నబాస్ చాలాసేపు మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ళ వయసులో నిచ్చెన దింపేస్తే మళ్ళీ ఎక్కించేదెవరు?

*

బుధవారమంతా అతను లేని తెగుడు కోసం వెతికాడు. డబ్బా మార్చాడు, తన ఇంట్లో డబ్బా ఊడదీసి తెచ్చి పెట్టాడు. పెట్టెలో తీగ దూర్చే గడి మార్చాడు. ఏ కోతి లాగిందో, ఏ కొమ్మ రాసుకుందోనని తీగ పొడవునా వేళ్ళతో తడుముకుంటూ వచ్చాడు. దీవెన మధ్యమధ్యలో టీ తెప్పించింది. ఏసమ్మ రెండోరోజు కూడా వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, "రేపొస్తానులే" అని వెళ్ళింది.

గురువారం పొద్దున దీవెనే గుర్తు చేసింది. "నీ ఫోన్లో ఆ పిలిచే యాప్ ఉండాలి కదా బాబాయ్, నీరజక్క ఎక్కించింది?"

చేతులతో అయ్యే పని అంతా అయిపోతే తప్ప బర్నబాస్‌కి ఫోను మీద నమ్మకం కుదరదు. కిందటేడు తెనాలి ఆఫీసులో నీరజ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. పింగ్ అంటే ఏదో పెద్ద విద్య అనుకున్నాడు గానీ, పిలవడమే. గుమ్మం ముందు నిలబడి "ఏమండోయ్, ఉన్నారా" అంటే లోపల్నుంచి "ఆఁ, ఉన్నాం" అంటారు చూడండి, అంతే. ఒక్కో ఊళ్ళో కంపెనీ మిషనుకి ఒక్కో నంబరు. ఆ నంబరు కొట్టి పిలిస్తే అది పలుకుతుంది. పలక్కపోతే ఏ గుమ్మం దాకా పలికారో చూసుకుంటూ పోవాలి, పలకని చోటికి ముందు గుమ్మం దగ్గర తప్పు ఉంటుంది.

అయితే ఒక్కోసారి అవతలివాడు పలకడు గానీ మధ్యలోవాడు కబురు పెడతాడు. అవి ఇంగ్లీషులో వస్తాయి. నీరజ ఒక్కోటీ చెబుతుంటే బర్నబాస్ చొక్కా జేబులో డైరీ తీసి తన మాటల్లో రాసుకున్నాడు. ఏమీ రాకుండా ఊరుకుంటే: జవాబు లేదు. చివరి గుమ్మంవాడు ఆ ఇల్లు నాకు దొరకట్లేదంటే: ఇల్లు చేరలేను. ఇంకోటుంది. ప్రతి కబురుకీ ఇన్ని గడపలని ఆయుష్షు రాసి పంపుతారట. గడప దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. దారి తప్పి తిరిగి తిరిగి అది అయిపోతే, అయిపోయిన చోటి మిషను వెనక్కి చెబుతుంది. దానికి బర్నబాస్ 'ఆయుష్షు తీరింది' అని రాసుకుంటే నీరజ పడీపడీ నవ్వింది. "భలే రాశారు బాబాయ్. ఒకటి గుర్తుపెట్టుకోండి. మాట ఏంటన్నదే కాదు, ఆ మాట ఎవరంటున్నారో చూడండి. నంబరు పక్కనే ఉంటుంది."

ఇప్పుడు దీవెన కొట్టు నెట్టుకి ఫోను తగిలించి, డైరీ ముందు పెట్టుకుని, బర్నబాస్ పిలవడం మొదలెట్టాడు. రేపల్లె మిషను పలికింది. తెనాలి పలికింది. బాపట్ల కూడా, నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది.

"బాపట్ల దాకా వెళ్తున్నావమ్మా," అన్నాడు, నమ్మలేక.

ఆఖరున బాపట్ల దాటి బయటి లోకం నంబరు కొట్టాడు. ఒక వరుస వచ్చింది. కింద అదే వరుస మళ్ళీ, మొత్తం నాలుగు. డైరీలో లేని మాట. నంబరు మాత్రం తెలిసిందే, బాపట్ల మిషనుది.

దీవెన వంగి చదివింది. "ప్యాకెట్ ఫిల్టర్డ్."

"ఫిల్టరంటే వడకట్టడం కదూ? టీ వడకట్టినట్టా?"

దీవెన తన ఫోన్లో వెతికింది. చదువుతుంటే ఆమె పెదాలు బిగుసుకున్నాయి. "తీగ తెగడం కాదు బాబాయ్, మిషను పాడవడమూ కాదు. ఫలానా చోటి నుంచి వచ్చేవాటిని పోనివ్వొద్దని పైవాళ్ళు ఆర్డరేస్తే వచ్చే మాటంట ఇది. నేనున్నాను, దారీ ఉంది, కానీ నిన్ను పంపొద్దన్నారు, అని."

బర్నబాస్ కలం తీసి డైరీలో నాలుగో మాట రాసుకున్నాడు. 'వద్దన్నారు.' రాశాక దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరన్నారూ?" అంది ఏసమ్మ బెంచీ మీంచి.

దీవెన రోడ్డవతలికి చూసింది. అద్దాల తలుపు ముందు ముసలివాళ్ళ వరుస మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చింది. అందులో సగం మంది సోమవారం దాకా ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్ళే.

*

శుక్రవారం పొద్దున పాసింజరులో బర్నబాస్ తెనాలి వెళ్ళాడు. బోసు రోడ్డులో మందుల షాపు మీద మేడగది, అదే ఆఫీసు. నీరజ చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని ఎవరికో సర్దిచెబుతోంది. ఇతన్ని చూసి కుర్చీ చూపించింది గానీ ముఖంలోకి చూడలేదు.

"టిఫిన్ చేశారా బాబాయ్?"

"చేశాలే. ఇది చూడమ్మా." ఫోను ఆమె ముందు పెట్టాడు. నిన్న తెరని తీసిన ఫొటో, నాలుగు వరుసలు. "ఈ నంబరు బాపట్లదేగా? నువ్వే చెప్పావు, ఎవరంటున్నారో చూడమని."

నీరజ చూసింది. ఫోనుని మెల్లగా అతని వైపు తిప్పేసింది. టేబులు మీది గుడ్డ తీసుకుని కీబోర్డు సందుల్లో దుమ్ము తుడవడం మొదలెట్టింది.

"బాబాయ్, నా మాట వినండి. రిజిస్టర్లో లైన్ కట్ అని రాసి సంతకం పెట్టేయండి. వాళ్ళకి కావలసింది ఆ కాయితం. రేపు ఆ కొట్టావిడ పైకి కంప్లైంట్ పెట్టినా చూపించుకోవాలిగా. రాసేస్తే మీ జోలికి రారు. సోమవారం తెరిచేస్తారు."

కింద రోడ్డు మీద ఆటోల హారన్లు.

"తెరుస్తారా?"

నీరజ చెయ్యి ఆగింది.

"తెగిందాన్ని అతుకుతారు గానీ తెరవరు కదమ్మా."

ఇంతలో ఫోను మోగింది. నీరజ గబుక్కున హెడ్‌ఫోను సర్దుకుని, "చెప్పండి సార్," అంది. ఆ ఫోను అయ్యాక మరొకటి, అదీ అయ్యాక మరొకటి. బర్నబాస్ పావుగంట కూర్చుని లేచాడు. అతను మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. "మీ ఏరియాలో లైన్ కట్ అండి. మా లైన్‌మేన్ అటెండవుతున్నారండి."

*

బాపట్ల ఆఫీసులో పాండురంగారావు కేకలేసే మనిషి కాదు. శనివారం పొద్దున బర్నబాస్‌ని కుర్చీలో కూర్చోమన్నాడు కూడా. రిజిస్టరు ముందుకు లాక్కుని, వేలికి తడి చేసుకుని పేజీలు తిప్పాడు.

"ఇది నీ చేతిరాతేనా?"

"అవునండి."

"చదువు."

ప్రతి పేజీలోనూ కారణం అన్న గడిలో ఒకటే ముక్క. లై.క. లై.క. లై.క.

"నెలనెలా నువ్వు పంపే కాపీలు లెక్కబెట్టించా. ఈ ఏడాది నీ ఏరియాలో అరవై ఒక్కసార్లు లైన్ కట్. తెనాలిలో ఇరవై లేవు, పొన్నూరులో పదకొండు. నువ్వే రాశావు, నువ్వే సంతకం పెట్టావు. ఇన్నిసార్లు తెగే లైను మరోసారి తెగిందంటే నమ్మడానికి నీకేంటి కష్టం?"

బర్నబాస్ ఆ పేజీల వంక చూశాడు. నిజమే, తన రాతే. లారీ తగిలి స్తంభం ఒరిగినా లై.క. అని రాశాడు. ఎలక కొరికినా, వానకి మిషను కాలినా, కరెంటు పోయినా, ఆఖరికి ఎవరో ప్లగ్గు ఊడదీసి ఇస్త్రీ పెట్టె పెట్టుకున్నా లై.క. అనే రాశాడు. లైన్‌మెన్‌లంతా అంతే. వివరంగా రాస్తే ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి సవాలక్ష అడుగుతారు; లై.క. అంటే ఎవరూ ఏమీ అడగరు. రెండక్షరాలు, రెండు చుక్కలు, ఇంటికెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళూ తన చేత్తో తనే రాసి పెట్టుకున్నాడు.

"అప్పుడు రాసినవన్నీ తెగినవి కావండి," అన్నాడు. "రాయడం అలవాటు. కానీ ఇది తెగలేదండి. చూడండి." ఫోను తీసి చూపించాడు.

పాండురంగారావు కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు వరుసలూ చదివాడు. ఆయన ముఖంలో కోపం కనబడలేదు, సిగ్గూ కనబడలేదు. ఏదో చిన్న పని సరిగ్గా జరగలేదన్న విసుగు కనబడింది.

"దీన్ని జవాబివ్వమని ఎవరు పెట్టారు?" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆ మాట బర్నబాస్‌కి అర్థం కాలేదు.

"సరే, అది నేను చూసుకుంటా. మంగళవారం కింద గడి ఖాళీగా ఉంచావు. రాసెయ్యి." కలం మూత తీసి మరీ అందించాడు. "రాసి సంతకం పెట్టు, సోమవారం డ్యూటీకి రా. అరవై ఒకటికి అరవై రెండు. నీకు కొత్తేం కాదుగా."

బర్నబాస్ కలం అందుకున్నాడు. గడి చిన్నది. లై.క. పట్టేంత చేశారు దాన్ని. అతను 'లై' రాయబోయినట్టు కలం ఆనించి, ఎత్తి, మళ్ళీ ఆనించి, డైరీలో రాసుకున్న మాటే గుండ్రంగా రాశాడు. గడి చాలక చివరి అక్షరం గీత దాటి పక్క గడిలోకి వెళ్ళింది. కింద సంతకం పెట్టాడు.

పాండురంగారావు రిజిస్టరు తిప్పుకుని చదివాడు. "వద్దన్నారు," అని పైకే అన్నాడు. "ఎవరన్నారయ్యా?"

"అది మీకు తెలుసండి."

మీటరు తీసి టేబులు మీద పెట్టాడు బర్నబాస్. తీగ అతికే పెట్టె దాని పక్కన పెట్టాడు. స్పిరిట్ సీసా కూడా పెట్టాడు గానీ, అది తను కొనుక్కున్నదని గుర్తొచ్చి తిరిగి తీసుకున్నాడు. "నిచ్చెన రేపల్లెలో ఉందండి. ఎవర్నన్నా పంపండి."

*

మధ్యాహ్నం తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే, నీరజ వచ్చింది. భోజనం వేళ ఆఫీసు నుంచి నడిచి వచ్చినట్టుంది, చెమటలు పట్టి ఉంది. చేతిలో టిఫిన్ కారియరు, మూత కూడా తీసినట్టు లేదు.

"బాబాయ్, ఆ ఆర్డరు కొట్టింది నేనే."

బర్నబాస్ ఆమె వంక చూశాడు.

"సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసి కొట్టమన్నారు. బాపట్ల మిషను పని కూడా నా టేబులు నుంచే అవుద్ది. ఆపెయ్యడానికి స్క్రీను మీద రెండుంటాయి బాబాయ్. ఒకటి నొక్కితే వచ్చినదాన్ని వచ్చినట్టు మింగేస్తుంది, వెనక్కి ఏమీ చెప్పదు. అచ్చం తీగ తెగినట్టే ఉంటుంది. రెండోది నొక్కితే ఆపేస్తుంది గానీ, ఆపానని చెబుతుంది. ఆయన ఏది నొక్కమన్నారో చెప్పలేదు. నేను రెండోది నొక్కా. మీరు ఎప్పటికైనా పిలిచి చూస్తారు కదా అని." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నా చేతనైంది అంతే బాబాయ్."

"మరి ఫోన్లో లైన్ కట్ అన్నావు."

"ఫోన్లన్నీ రికార్డవుతాయి."

రైలు వచ్చే గంట కొట్టారు. బర్నబాస్ అడిగాడు, "ఇందాక ఆయన, జవాబివ్వమని ఎవరు పెట్టారన్నాడు. నీకు ఫోన్ చేశాడా?"

నీరజ తలూపింది. "పొరపాటున పడిందన్నా. మొదటిదానికి మార్చమన్నారు." పట్టాల వంక చూస్తూ, "మార్చేశా," అంది.

బర్నబాస్‌కి ఆమెని తిట్టాలనిపించలేదు, ఓదార్చాలనీ అనిపించలేదు. "అన్నం తిను, చల్లారిపోద్ది," అని బండెక్కాడు.

రేపల్లెలో దిగేసరికి మూడు దాటింది. దీవెన కొట్లో బెంచీ ఖాళీ, ఏసమ్మ ఒక్కతే ఉంది. బర్నబాస్ ఫోను తీసి పిలిచాడు. రేపల్లె పలికింది. తెనాలి పలికింది. బాపట్ల పలికింది. బయటి లోకం నంబరు కొట్టాడు. మొన్న నాలుగు వరుసలు వచ్చిన చోట ఏమీ రాలేదు. ఫోను అలా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"ఏమంటోంది బాబాయ్?"

"ఏమీ అనడం లేదమ్మా."

మొన్నటి ఫొటో ఒక్కటే మిగిలింది, అది చూపిస్తే వినేదెవరు, అదీ దీవెనకి తెలుసు. ఏసమ్మే సంచీ తీసుకుని లేచింది. "అమ్మాయ్, నీకు కోపం రాదంటే ఒక మాట. ఎదుటి కొట్టుకి పోనా? ఇవాళ దాటితే నేను చచ్చినట్టేగా లెక్క."

"కోపమెందుకు పెద్దమ్మా, పద." దీవెన తడిగుడ్డ కూడా చేతిలో పట్టుకుని, ఏసమ్మ రెక్క పట్టుకుని రోడ్డు దాటించింది. అద్దాల్లోంచి బర్నబాస్‌కి కనబడుతూనే ఉంది. ఆ కొట్లో కుర్రాడు రెండుసార్లు పెట్టించి తల అడ్డంగా ఊపాడు. దీవెన గుడ్డతో వేలు తుడిచి, అరచేతిలో పట్టుకుని, వాళ్ళ మిషను మీద తనే ఆనించింది. నాలుగోసారికి పడింది.

వెనక్కి వస్తూ ఏసమ్మ బొటనవేలు పైకెత్తి చూపించింది. "ఉన్నానంటరా!" అంది. అని, గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించింది. "నీ కొట్టుకేమైందని అడిగారమ్మాయ్. మంచి కొట్టని పేరు పోకూడదని, లైన్ కట్ అయ్యిందని చెప్పాన్లే. అంతేగా బర్నబాసూ?"

దీవెన కుర్చీలో కూర్చుని కంప్యూటరు ఆపేసింది. "సోమవారం వేరే కంపెనీ లైనుకి చెబుతాను. వచ్చేదాకా మూసుకోవడమే. ఇది ఊడదీసెయ్ బాబాయ్, గోడ మీద దాన్ని చూడలేను."

మీటరు లేదు, పెట్టె లేదు. జేబులో సొంత కత్తెర ఉంది. మంగళవారం తను ఊపిరి బిగబట్టి అతికిన తీగని బర్నబాస్ రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. కత్తెర వేశాడు. చప్పుడేమీ రాలేదు. పచ్చ లైటు ఆరిపోయి, కాసేపటికి దాని పక్కన ఎర్రది వెలిగింది.

"ఇప్పుడు రాయొచ్చు," అన్నాడు బర్నబాస్.